గుండీ కళ్ళ ఏనుగు

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు స్నానం చేసి వచ్చేలోగా తను అల్లిన ఏనుగు బొమ్మకి కళ్ళు కుట్టెయ్యాలి. దాన్ని ఆయన కుట్టు మిషను మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వెళ్ళిపోవాలి. ఆయన చూస్తారు. చూసి ఏదో ఒకటి అంటారు. ఆ ఒక్క మాట కోసమే ఆమె ఇరవై రెండు రోజులుగా క్రోషియా సూదితో కుస్తీ పడుతోంది.

మామగారు చెడ్డవారేం కాదు. మాట్లాడరు, అంతే. నలభై ఏళ్ళుగా దర్జీ పని. ఇంటి ముందుగదే దుకాణం. పొద్దున్నే మిషను ముందు కూర్చుని పది గుండుసూదులు పెదవుల మధ్య బిగించారంటే మళ్ళీ అన్నానికి తీయడమే. సూదులు గుచ్చుకోవడానికి అత్తగారు కుట్టిచ్చిన చిన్న దిండ్లన్నీ రాళ్ళలా ఉన్నాయని ఎప్పుడో పక్కన పడేశారట. నోటినిండా సూదులున్న మనిషి ఎవరితో ఏం మాట్లాడతాడు? "ఊఁ" అంటే సరే, "ఊహూఁ" అంటే కాదు, కనుబొమ్మ ఎత్తితే కత్తెర ఇటివ్వమని. పెళ్ళయిన ఈ నాలుగు నెలల్లో కోడలికి ఆయన దగ్గర దక్కినవి పదకొండు ఊఁలు, ఒక కనుబొమ్మ.

"నేను పది పాసైనప్పుడు నాతో మాట్లాడారు. నీ వంతూ వస్తుందిలే," అని భర్త ఓదార్చాడు.

వంతు వచ్చేదాకా ఆగే రకం కాదామె. పైగా క్రోషియా మొదలుపెట్టాక ఆమెకు దేని మీదా ఆశ చావడం లేదు. ఎలా చస్తుంది? చేతిలో ఉన్నది ఒక్కటే దారం. చిన్న ఉంగరంలా చుట్టి అందులో ఆరు ముడులు వేస్తే చాలు, తర్వాతి చుట్టుకి పన్నెండు, ఆ తర్వాత పద్దెనిమిది. అలా ముప్పై ఆరు దాకా పెంచి, కొన్ని చుట్లు అలాగే పోనిచ్చి, మళ్ళీ తగ్గించుకుంటూ వస్తే, చదునుగా ఉన్నది దానంతటదే గిన్నెలా వంగుతుంది. గిన్నె బంతిలా మూసుకుంటుంది. పుస్తకంలో చదివితే ఇది లెక్క. వేళ్ళ మధ్య జరిగితే గారడీ.

మొదటిసారి లెక్క తప్పి పళ్ళెం వచ్చింది. రెండోసారి తగ్గించడం మరిచిపోతే టోపీ వచ్చింది. భర్త దాన్ని పెట్టుకుని పళ్ళు తోముకున్నాడు. మూడోసారి నిజంగానే బంతి మూసుకున్నప్పుడు ఆమె పెట్టిన కేకకి అత్తగారు పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. బంతిని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందమ్మాయ్, పాలు పొంగిపోయాయి," అని వెళ్ళిపోయారు. ఆ బంతికి చెవులూ తొండమూ వచ్చిన సంగతి భర్తకి తప్ప ఎవరికీ తెలియదు. అతను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు. రాత్రి ఏనుగుని చూసి, "దీనికి ముందు కళ్ళు పెట్టు, కళ్ళజోడు సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు.

కళ్ళు మిషను పక్కనే దొరికాయి. అగ్గిపెట్టెలో రెండు గుండీలు. నల్లగా, నున్నగా, లోపలెక్కడో తేనెరంగు వెలుగుతో. అవి కళ్ళు కాక ఇంకేమిటి?

ఆ దుకాణంలో ఒక కట్టుబాటుంది. మిగిలిపోయిన గుండీలు పెద్ద బిస్కెట్ల డబ్బాలోకి పోతాయి. ఎవరైనా తమవి తెచ్చిస్తే అవి అగ్గిపెట్టెలోకి వెళ్తాయి, పెట్టె మీద సుద్దతో ఒక గీత పడుతుంది. గీత ఉన్నదాన్ని ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. ఇది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి కొత్తగా వచ్చిన మనిషికి ఎవరూ చెప్పలేదు. కోడలు గీతను చూడకపోలేదు. కానీ ఆ ఇంట్లో సుద్దగీత లేనిదేది? బల్లకుంది, గోడకుంది, భర్త చొక్కాకుంది, పిల్లి తోకకి కూడా ఉంది.

రెండో కన్ను కుట్టి, ముడివేసి, దారం తెంపగానే ఏనుగు ఆమెను చూసింది. అప్పటిదాకా అది దూది కూరిన అల్లిక. ఇప్పుడు దానికి ఏదో తెలుసు. స్నానాలగదిలో చెంబు చప్పుడు ఆగడంతో ఏనుగుని మిషను మీద కూర్చోబెట్టి, వంటింటి తెర వెనక్కి పరుగెత్తింది.

మామగారు వచ్చారు. కూర్చున్నారు. అలవాటుగా పది సూదులు పెదవుల మధ్య బిగించారు. అప్పుడు ఆయన చూపు ఏనుగు వీపు మీద పడింది. చేతిలోకి తీసుకున్నారు. బొటనవేలితో నొక్కారు. మళ్ళీ నొక్కారు. ఆయన నోట్లోంచి ఒక సూది తీసి ఏనుగు వీపులో గుచ్చారు.

సూది మెత్తగా దిగి నిటారుగా నిలబడింది. నలభై ఏళ్ళుగా వెతుకుతున్నది దొరికినవాడిలా ఆయన ముఖం వెలిగింది. రెండోది గుచ్చారు. మూడోది గుచ్చారు. పదీ అయిపోయాయి. తొండం ఆయనకి పట్టుకోవడానికి పిడిలా కుదిరింది. దాని ముఖం వైపు ఆయన చూడనేలేదు. ఖాళీ అయిన నోటిని రెండుసార్లు ఆడించి చూసుకుని, అగ్గిపెట్టె తెరిచి, నిండు గొంతుతో అడిగారు.

"ఏమే, ఇందులో గుండీలేవీ?"

పెరట్లో ఉన్న అత్తగారు చీపురు పట్టుకునే లోపలికొచ్చి, "ఎవరండీ వచ్చింది?" అని అడిగారు. అంత పొద్దున్నే ఆ గొంతు విని ఆవిడకి చాలా ఏళ్ళయింది.

కోడలికి విషయం అప్పుడే తెలిసింది. ఆ గుండీలు స్టేషన్ మాస్టరు గారివి. ఆయన ఆ రోజే ఉద్యోగం నుంచి విరమిస్తున్నారు, సాయంత్రం ఐదింటికి సభ. చనిపోయిన తండ్రి కోటు నుంచి తీసి దాచుకున్న ఆరు గుండీలు తెచ్చి, కొత్త కోటుకి అవే కుట్టమన్నారు. ముందువైపు నాలుగూ నిన్ననే పడ్డాయి. కోటు చేతులకి ఒక్కొక్కటి మిగిలింది. అలాంటివి ఇప్పుడు ఎక్కడా దొరకవు.

చెప్పేద్దామని ఆమె నోరు తెరిచింది. కానీ ఆ ఇంట్లో నిజాయితీపరులు ఎక్కువ. ఆమెకంటే ముందే అత్తగారు తప్పు ఒప్పేసుకున్నారు. ఊడ్చేటప్పుడు చేటలో నల్లగా రెండు కనిపించాయట, పురుగులనుకుని పారబోశారట. వెంటనే కొడుకుని చెత్తబండి వెనక పరుగెత్తించారు. గోల విని పక్కింటి ఇస్త్రీ ఆవిడ వచ్చింది. బల్ల మీది చొక్కాలు తనే తీసుకెళ్ళింది కాబట్టి గుండీలు వాటి మడతల్లో ఉండి తీరతాయంది. ఇస్త్రీ చేసిన పద్దెనిమిది చొక్కాలూ విప్పి దులిపింది. ఎదురింటి ముసలాయన పిల్లిని అనుమానించి దాని నోరు తెరిపించబోయి చెయ్యి గీరించుకున్నాడు. బిస్కెట్ల డబ్బా నేల మీద బోర్లించారు. అరగంటలో ముందుగది నిండా మోకాళ్ళ మీద పాకుతున్న మనుషులే.

వీళ్ళందరి నడుమ మామగారు మాట్లాడుతూనే ఉన్నారు. నలభై ఏళ్ళ మాటలు కట్ట తెగినట్టు వచ్చిపడుతున్నాయి. చీపురు గురించి, చేట గురించి, పెళ్ళినాడు బావమరిది అన్న ఏదో మాట గురించి. ఒక్కో మాటకీ ఏనుగు వీపులోంచి ఒక సూది తీసి మళ్ళీ గుచ్చుతున్నారు. గుచ్చినప్పుడల్లా కోడలు ఉలిక్కిపడుతోంది. ఊరంతా వెతుకుతున్న గుండీలు ఆయన గుప్పిట్లోంచే ఊరంతటినీ చూస్తున్నాయి.

ఇక లాభం లేదని ఆమె దగ్గరికి వెళ్ళింది. "మామయ్యగారూ, అది ఒక్కసారి ఇస్తారా? ఇంకా మంచిది తెచ్చిపెడతాను."

ఆయన దాన్ని వెనక్కి లాక్కున్నారు. "ఇదా? దీన్ని ముట్టుకోకమ్మా. ఇంత మంచి దిండు నా జన్మలో చూడలేదు. చేసినవాడెవడోగానీ చేతిలో పనుంది."

ఇరవై రెండు రోజులుగా ఏ మాట కోసం ఎదురుచూసిందో ఆ మాట వచ్చింది. ఒకటి కాదు, ఏకంగా నాలుగు వాక్యాలు. ఇప్పుడా రావడం? ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అంతలో భర్త తిరిగొచ్చాడు. మోచేతుల దాకా చెత్త, గుండీలు లేవు. కళ్ళజోళ్ళ దుకాణం మనిషి కదా, ఎవరిని చూసినా ముందు కళ్ళే చూస్తాడు. ఏనుగుని చూశాడు. ఏనుగు అతన్ని చూసింది. భార్యని వంటింట్లోకి తీసుకెళ్ళాడు.

"ఆ కళ్ళెక్కడివి?"

"అగ్గిపెట్టెలోవి."

"గీతుందా దాని మీద?"

"ఉంది."

"అయిపోయావ్," అన్నాడు. ఆమె ముఖం చూసి, "అయిపోయాం," అని దిద్దుకున్నాడు. అంత కంగారులోనూ ఆమెకు అతను చాలా ముద్దొచ్చాడు.

మామగారి చేతిలోంచి దాన్ని ఎలా తప్పించాలో ఇద్దరూ ఆలోచిస్తుండగానే స్టేషన్ మాస్టరు గారు వచ్చేశారు. కోటు తొడిగి చూసుకుంటానన్న వేళకి ఇరవై నిమిషాల ముందే. రైళ్ళు ఆలస్యమైతే ఆయనేం చెయ్యగలరు, ఆయన మాత్రం కారు. గుండీలు పోయాయని చెప్పే ధైర్యం లేక మామగారు గబగబా కోటు తొడిగారు. భుజాలు సరిచేశారు. చేతి మడతకి సూది పెట్టడానికి ఏనుగుని ఎదుటాయన ఛాతీ దాకా ఎత్తారు.

స్టేషన్ మాస్టరు కదలడం మానేశారు. "దర్జీ మాస్టారూ, ఇది నన్ను చూస్తోంది."

"దిండండీ అది, సూదులకి."

"దిండు కాదు. ఏనుగు." మెల్లిగా అన్నారు. "ఇవి మా నాన్న గుండీలు."

మామగారు ఏనుగుని తనవైపు తిప్పుకున్నారు. దాని ముఖం చూడడం ఆయనకి అదే మొదలు. మోకాళ్ళ మీదున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

"నేనేనండీ," అంది కోడలు. తెర వెనకనుంచి కాదు, గది మధ్యకి వచ్చి నిలబడి అంది. ఏనుగు చేసిందీ, అగ్గిపెట్టె తెరిచిందీ, ఇందాకటినుంచీ చెప్పలేకపోయిందీ అన్నీ తనేనంది. ఎవరికోసం చేసిందో మాత్రం చెప్పలేకపోయింది. దాన్ని భర్త పూర్తిచేశాడు. "మీకోసమే నాన్నా. మీరు ఒక్క మాటంటారని."

మామగారు సూదులు పదీ తీసి పక్కన పెట్టి కత్తెర అందుకున్నారు. కోడలు కళ్ళు మూసుకుంది.

కత్తెర చప్పుడు ఎంతకీ వినిపించలేదు. తెరిచి చూస్తే ఆయన ఏనుగుని తిప్పుతూనే ఉన్నారు. కుట్టినదేదైనా కుట్టు దగ్గర విప్పి లోపలినుంచి పనిచేయాలే తప్ప పైనుంచి తెంపకూడదని ఆయన నియమం. చెవుల కుట్టు దొరికింది. తొండం కుట్టు దొరికింది. అవి వంకరగా ఉన్నాయని గొణిగారు కూడా. పొట్ట చుట్టూ మాత్రం వెతికిన చోటే మళ్ళీ వెతుకుతున్నారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. కిటికీ దగ్గరికి వెళ్ళారు.

"దీని కుట్టేదమ్మా?"

"లేదండీ."

"కుట్టు లేకుండా ఎలా మూశావ్? నలభై ఏళ్ళలో నేను మూసిన ప్రతిదానికీ కుట్టుంది."

"ఒకటే దారం, మామయ్యగారూ. ఆరు ముడులతో మొదలుపెట్టి, పెంచుకుంటూ పోయి, మళ్ళీ ఆరుకి వస్తే అదే మూసుకుంటుంది. నేనేం మూయలేదు."

ఆయన కత్తెర కింద పెట్టి స్టూలు మీద కూలబడ్డారు. పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులతో ఏనుగుని పట్టుకుని, "మళ్ళీ చెప్పు," అన్నారు. ఆమె మళ్ళీ చెప్పింది. మోకాళ్ళ మీదున్నవాళ్ళంతా కూడా విన్నారు. ఇస్త్రీ ఆవిడ పన్నెండు, పద్దెనిమిది అని వేళ్ళు మడిచింది.

ముందుగా తేరుకున్నది స్టేషన్ మాస్టరు. కళ్ళు తీయొద్దన్నారు. "ఇరవై ఏళ్ళు పెట్టెలో పడి ఉన్నాయివి. ఇవాళే ఎవరినో చూస్తున్నాయి. కోటు చేతులకి మీకు తోచింది పెట్టండి, ఇది నాకిచ్చేయండి."

చేతులకి ఏం పెట్టాలో మామగారికి అప్పటికే తోచింది. నేల మీద బోర్లించిన వాటిలోంచి రెండు మామూలు గుండీలు ఏరి కోడలి చేతిలో పెట్టి, నల్లదారంతో వాటిమీద అల్లమన్నారు. ఆమె అల్లింది. చుట్టూ నలుగురు వంగి చూస్తుంటే రెండోది కొంచెం వంకర పోయింది. ఎవరూ విప్పమనలేదు. మామగారు వాటిని కుట్టి, పంటితో దారం తెంపి, ఆ కోటు చేతుల్ని అరచేత్తో ఒకసారి నిమిరారు. స్టేషన్ మాస్టరు గారు ఏనుగుని చంకలో పెట్టుకుని గుమ్మం వైపు కదిలారు. మామగారు టేపు పట్టుకుని గుమ్మం దాకా వెంటపడి మరీ ఏనుగు కొలతలు తీశారు.

అందరూ వెళ్ళాక కోడలు బల్ల మీది కొలతల పుస్తకం తెరిచి చూసింది. చివరి పేజీలో ఆయన రాత ఇంకా ఆరలేదు. ఛాతీ ఏడంగుళాలు, నడుము ఏడంగుళాలు, తొండం రెండున్నర. కుట్టు: లేదు. చేసేవారు: మా కోడలు. ఇరవై రెండు రోజుల ఆ పనికి, ఇవ్వవలసిన తేదీ దగ్గర మాత్రం ఏ దర్జీ అయినా రాసేదే రాశారు: రేపు.