సారా తాగిన మోటారు

ఆ శనివారం పొద్దున భోపాలపట్నం బట్టల వర్తకుడు భీమశంకరం వేసుకున్న పథకం చాలా తేలికైనది. మోటారు కారు పక్కలకున్న చెక్క పలకలు విప్పించడం, గీకించడం, మెరుగు పెట్టించడం, మళ్ళీ బిగించడం. ఆదివారం మధ్యాహ్నం గోదావరి రేవుకు వెళ్ళి, వరంగల్ నుంచి వస్తున్న బావను దర్జాగా ఎక్కించుకు రావడం.

ఆ మోటారును ఆయన, సంస్థానంలో కొలువు చాలించి వెళ్ళిపోయిన ఒక అడవి శాఖ దొర దగ్గర కొన్నాడు. ముందంతా ఇనుము, వెనకంతా చెక్క. పదేళ్ళ ఎండకూ వానకూ ఆ చెక్క బూడిద రంగుకు తిరిగి, వార్నీషు పొట్టులా రాలుతోంది. కిందటిసారి వచ్చినప్పుడు ఆ బావ, అంటే ఆయన భార్య వరలక్ష్మి అన్న నరసింహులు, దాని చుట్టూ ఒకసారి తిరిగి, "కోళ్ళగూడుకు చక్రాలు బాగనే కుదిరినయ్" అన్నాడు. వరంగల్‌లో మద్యపాన నిషేధ సంఘానికి కార్యదర్శి ఆయన, గొంతు పెద్దది. వాకిట్లో ఉన్న వాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు భీమశంకరానికి ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

వడ్రంగి హడ్మా పలకలు విప్పి, పాత వార్నీషు గీకి, గరుకు కాగితంతో రుద్దేసరికి లోపలి నుంచి తేనె రంగు టేకు బయటపడింది. భీమశంకరం పొంగిపోయాడు.

"లక్క మన బజార్లనే దొరుకుతది. ఇగ పూసుడే కద?"

"లక్క కరగాలంటే స్పిరిట్ గావాలె సేఠ్. జగదల్‌పూర్ నుంచి తేవాలె."

"రేపటికి జగదల్‌పూర్ పోయి వచ్చుడు అయితదా? స్పిరిట్ అంటే ఏంది, సారానే కద!"

"అది వేరు, ఇది వేరు."

"రెండూ మండుతయ్. రెండూ ఒకటే," అని భీమశంకరం తేల్చేశాడు.

జన్మలో కల్లు కుండను కూడా ముట్టని ఆ మనిషి, ఖాళీ కిరసనాయిలు డబ్బా పట్టుకుని, పట్టపగలు బజారంతా చూస్తుండగా ఊరి చివర భీమే అనే ఆవిడ ఇంటికి వెళ్ళాడు. ఇప్పసారా కాచడంలో ఆమెకు పేరు; ముందు దిగే మొదటి వంపు ఘాటు, తర్వాత దిగే రెండో వంపు పలచన. డబ్బా నిండుతుంటే ఆమె ఆయనను జాలిగా చూసింది.

"ఇదంత ఒక్కనివే తాగుతవా సేఠ్?"

"నాకు గాదు! మోటారుకు!"

ఆ మాట అక్కడ కూర్చున్న వాళ్ళందరి చెవినా పడింది. యుద్ధం రోజులవి. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు పొగతో నడుస్తున్నాయి. కాబట్టి సేఠ్ మోటారు ఇప్పసారాతో నడుస్తుందనే కబురును ఎవరూ అనుమానించలేదు. భీమశంకరం ఇల్లు చేరేలోపే అది బజారు దాటింది. సాయంత్రానికి అయిదారుగురు ఆకు డొప్పలతో వచ్చి గుమ్మం ముందు కూర్చున్నారు.

"ఏంది?" అని అడిగాడు భీమశంకరం.

"మోటారు తాగంగ మిగిలితే ఇస్తవని," అన్నాడు సుక్కా అనే రైతు, మర్యాదగానే.

ఆదివారం పొద్దునకు అసలు కష్టం బయటపడింది. సారాలో లక్క సగమే కరిగింది. పూసిన పూత తెల్లగా పాలిపోయి, బెల్లం పాకంలా అంటుకుంటోంది. అప్పటికే ఒక పలక మీద కోడి ఈకలు, ఇంకొక దాని మీద వరలక్ష్మి ఆరేసిన తువ్వాలు. వాసన అయితే వీధి మలుపు దాకా పోతోంది.

"మల్ల గీకాలె," అన్నాడు హడ్మా.

"టైం లేదు. బిగియ్!"

వరలక్ష్మి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. "మా అన్న ముంగట నేను ఏం మొకం పెట్టుకోని నిలబడాలె?"

అంతలో సారా మీద నిఘా పెట్టే ఆబ్కారీ దరోగా లోపలికి వచ్చాడు. దళసరి ఖాకీ కోటు, ఇత్తడి గుండీలు.

"క్యా సేఠ్‌జీ, మోటారుకు సారా పోస్తున్నవట? పర్మిట్ ఉందా?" అంటూ తీరుబడిగా మోటారుకు వీపు ఆన్చి నిలబడ్డాడు.

"సాబ్, ఆనకండి!"

"నాకే హుకుమా?"

హుకుం కాదని తర్వాత ముందుకు కదలబోయినప్పుడు ఆయనకు అర్థమైంది. కోటు కదలలేదు. ఆయన గుంజుకున్నాడు, మోటారు ఊగింది. భీమశంకరం ఒక చేయి, హడ్మా ఒక చేయి పట్టుకుని లాగారు. డొప్పల వాళ్ళు కూడా లేచి సాయానికి వచ్చారు. సరిగ్గా అప్పుడు, రేవులో దొరికిన ఎడ్లబండి ఎక్కి ముందే వచ్చేసిన నరసింహులు వాకిట్లో దిగాడు.

చెల్లెలి ఇంటి ముందు సారా కంపు. చేతుల్లో డొప్పలతో జనం. వాళ్ళ మధ్య పెనుగులాడుతున్న సర్కారీ మనిషి. వరలక్ష్మి ఎదురుగా పరుగెత్తింది.

"అన్నా, అది మోటారుకు పూసిన పాలిష్!"

"దరోగా సాబ్," అన్నాడు నరసింహులు గంభీరంగా, "మాది మందు ముట్టని ఖాందాన్. నేను చూసి చెప్త." మోటారు దగ్గరికి వెళ్ళి పలక మీదికి వంగి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. కళ్ళు మూతపడ్డాయి.

"మొదటి వంపు," అన్నాడు మెల్లగా. "నీళ్ళు కలపలే. ఇప్పపూలు బాగ ఎండినయ్."

"ఏం మాట?" అన్నాడు దరోగా, అంటుకున్న చోటు నుంచే మెడ తిప్పి. "ఇది రెండో వంపు. ఇరవై ఏండ్ల నుంచి తాగుత... చూస్తున్న."

"రెండో వంపుకు ఇంత ఘాటు ఉంటదా సాబ్? గొంతుల దిగంగనే తెల్వదా?"

తామేం మాట్లాడుకున్నారో ఇద్దరికీ కొంచెం ఆలస్యంగా తట్టింది.

"నీకెట్ల తెల్సు అన్నా?" అని వరలక్ష్మి చాలా నెమ్మదిగా అడిగింది.

నరసింహులు దగ్గాడు. దరోగా తన గుండీలు తానే విప్పుకుని, కోటును పలకకే వదిలేసి బనీనుతో బయటపడ్డాడు. కేసు రాస్తే కోటు ఎక్కడ పోయిందో కూడా రాయాలి గనక, రాయలేదు. భీమశంకరం మాత్రం గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, స్పిరిట్ కోసం జగదల్‌పూర్‌కు ఆ రోజే మనిషిని పంపుతానన్నాడు.

"తొందరేంది బావా," అన్నాడు నరసింహులు.

ఇక్కడి గాలి ఒంటికి బాగా పడిందని ఆయన ఎనిమిది రోజులు ఉండి, మోటారు పక్కనే మంచం వేయించుకున్నాడు.