ఆదెప్ప వేయించిన మంచు టైర్లు

పక్కింటి వంటమనిషి గురవమ్మకు కనీజ్ చెప్పిందట. ఆ ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే కనీజ్‌కు వాళ్ళ మేడమ్ ఫోన్లో మాట్లాడుతుండగా చెవిన పడిందట. ఆదెప్ప డ్రైవరుగా పనిచేసే ఇంటివాళ్ళు కొత్త డ్రైవరుకు వీసా తీశారనేది ఆ కబురు. అరబ్బు దేశపు పేట అయిన ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని ఆ సందులో ఏ మాటైనా మూడు నోళ్ళు దాటే లోపల మసాలా పట్టించుకుని బయటికొస్తుంది. గురవమ్మ కోనసీమ మనిషి కాబట్టి కొబ్బరి కూడా వేసి వడ్డించింది.

"నేనన్న మాట కాదన్నయ్యా, కనీజ్ అంది. మీ యజమాని కొడుకు నాసర్ బాబు కారు మొన్న ఓడ దిగింది కదా! అలాంటి బండి నీ చేతికెవరిస్తారు చెప్పు?"

"నా చేతికేమైందమ్మా?" అన్నాడు ఆదెప్ప బకెట్టు కింద పెట్టి. "ఊర్లో పదేండ్లు ట్రాక్టరు తోలినా. ఈడ ఆరేండ్లుగా ఈళ్ళ బండ్లు తోల్తాండా. యాడన్నా ఒక గీత పడిందా?"

"గీతల గొడవ కాదన్నయ్యా. అది ట్రాక్టరు కాదు కదా!" అనేసి, చేతిలోని ఖుబూస్ రొట్టెలు చల్లారిపోతాయని గురవమ్మ వెళ్ళిపోయింది. చల్లారిపోయింది మాత్రం ఆదెప్ప గుండె.

కళ్యాణదుర్గం పక్క మెట్టపొలాల్లో పుట్టి పెరిగినవాడు ఆదెప్ప. ఈ ఉద్యోగం పోతే తిరిగి ఆ వేరుశనగ చేనే దిక్కు. ఆ చేనుకేమో వాన దిక్కు. ఆ వాన సంగతి ఎవరికి తెలియదు? అందుకని ఆ రోజు ఎలాగైనా తన పనితనం చూపించాలని గట్టిగా అనుకున్నాడు. చూపించే అవకాశం పావుగంటలోనే వచ్చింది.

ఇంగ్లండులో చదువు ముగించుకుని శీతాకాలం మొదట్లో ఇంటికొచ్చిన నాసర్, కళ్ళు నులుముకుంటూ వాకిట్లోకొచ్చి తాళాలు విసిరాడు. "ఆదెప్పా, జర్మన్ కారు సెకండ్ హ్యాండ్‌ది కదా, టైర్లు నాలుగూ అరిగిపోయాయి. సనయ్యా తీసుకెళ్ళి కొత్తవి వేయించు. ఏవి బాగుంటాయో నువ్వే చూసుకో."

నాసర్ ఆ మాట నిద్రమత్తులో అన్నాడు. ఆదెప్పకు మాత్రం అది పరీక్షలాగే వినబడింది. నువ్వే చూసుకో అన్నాడంటే ఏం చూస్తాడో చూద్దామనే కదా!

వర్క్‌షాపులన్నీ ఉండే సనయ్యాలో టైర్ల దుకాణం సాయిబాబుది కాదు కానీ, సేటు లేనప్పుడు అతనిదే. జగిత్యాల వైపు మనిషి. కారు చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి పెదవి విరిచాడు.

"గింత వెడల్పు రింగులకు నా దగ్గర రెండే సెట్లున్నయే అన్న. గిది ఆల్ సీజన్. గదేమో వింటర్. జర్మనీ కంటైనర్ల పొరపాటున వచ్చింది. ఎవ్వలు ముట్టలే. దాన్ని జూసినప్పుడల్ల మా సేటు నన్నే తిడ్తడు."

"ఆల్ సీజన్ అంటే?"

"అన్ని కాలాలకు పనికొచ్చేది. ఎండకు, వానకు, చలికి."

ఆదెప్ప సేద్యగాడిలా ఆలోచించాడు. తొలకరి ముంగారు విత్తనం ముంగారుకు, చలికాలపు హింగారు విత్తనం హింగారుకు. అన్ని కాలాలకూ ఒకే విత్తనం ఇస్తానని వచ్చినవాణ్ణి వాళ్ళ నాయన ఎప్పుడూ గడప తొక్కనివ్వలేదు.

"ఈడ వాన యాడుందప్పా?" అన్నాడు. "లేని కాలానికి టైరు యాల తొడిగించేది? ఇప్పుడు చలి. చలిదే ఎయ్యి."

"రేపు ఎండలొస్తె?"

అప్పుడే ఆదెప్ప కంట పడింది, వింటర్ టైరుకు అంటించిన కాగితం మీద మంచు నక్షత్రం బొమ్మ. ముఖం వెలిగిపోయింది. "ఈ బొమ్మ చూడు. బండిలో ఏసీ బటన్ మింద ఉండేది ఇదే కదా?"

"అవునే, గదే!"

"మరింకేం? ఎండలోనూ సల్లగా ఉంటాదని కంపెనీవాడే రాసినాడు. వేడెక్కదు, పగలదు."

సాయిబాబు నోరు తెరిచి చూశాడు. "నీ దిమాగు మస్తున్నదే అన్న!" అని, ఆ దిమాగు మళ్ళీ పక్కకు తిరిగేలోపే జాకీ పెట్టి బండి లేపేశాడు.

కొత్త టైర్ల లోతైన గాడులు చూస్తే ఆదెప్పకు ట్రాక్టరు గుర్తొచ్చి ధైర్యమొచ్చింది. తారు రోడ్డెక్కగానే కింద తేనెతుట్టె కదిలినట్టు ఒకటే మోత. మలుపులో కొంచెం వేగం పెంచితే బండి దూదిపరుపు మీద దొర్లినట్టు మెత్తగా ఊగింది. ఖరీదైన వస్తువు లక్షణం ఇలాగే ఉంటుందని సరిపెట్టుకున్నాడు.

మధ్యాహ్నం యజమానురాలు, ఇంట్లో పనివాళ్ళందరూ మామా అని పిలిచే నాసర్ తల్లి, చెల్లెలింటికి బయలుదేరింది. పెద్ద బండి ఇంటి యజమాని బాబా ఆఫీసుకు తీసుకెళ్ళాడు కనుక కొడుకు కారే ఎక్కింది. ఆ చెల్లెలి వీధి ఆదెప్పకు బాగా తెలుసు. నాసర్ పక్కన కూర్చున్న ప్రతిసారీ ఏదో వంకతో అటు తిప్పించి, ఆ వీధిలో "నెమ్మదిగా, నెమ్మదిగా" అనేవాడు. గుంతలున్నాయి కాబోలనుకుని ఆదెప్ప జాగ్రత్తగా తోలేవాడు.

"ఏమిటా మోత?" అంది మామా.

"కొత్త టైర్లు మామా!" వంటింటి గుమ్మాల దగ్గర నేర్చుకున్న అరబీలో ఆదెప్ప ఉత్సాహంగా చెప్పాడు. "ఈ ఊరివి కాదు. మంచు పడే దేశాలకు పోయే టైర్లు. నాసర్ ఏయించమన్నాడు."

మామా సీటులో ముందుకు జరిగింది. గొంతు మారింది. "ఎన్నాళ్ళుంటాయి ఇవి ఇక్కడ?"

ఇంకోసారి వేయించాలంటే ఖర్చనుకుంటుందేమోనని ఆదెప్ప భరోసా ఇచ్చాడు. "ఎండాకాలం వరకు ఖాయం మామా. ఆ తర్వాత నాసర్ ఇష్టం."

మామా ముసుగు ముఖం మీదికి లాక్కుంది. "బండి వెనక్కి తిప్పు. యల్లా, త్వరగా!"

అంతకు కొన్ని నెలల ముందు ఆ సందులోనే ఒకరి అబ్బాయి లండనులో ఒక పిల్లను చేసుకుని అక్కడే ఉండిపోయాడు. ఆ ఇంటి తల్లి ఇంకా ఎవరింటికీ రావడం లేదు. ఇప్పుడు తన కొడుకు మంచు దేశానికి టైర్లు బిగించుకున్నాడు. అక్కడ ఎవరో లేకపోతే ఎందుకు బిగించుకుంటాడు? మామాకు మిగతాదంతా కళ్ళకు కట్టేసింది.

ఇంటికి చేరి మామా ఆ మాట చెప్పగానే నాసర్ నానమ్మ మంచమెక్కి గోడవైపు తిరిగింది. బాబాకు ఫోను వెళ్ళింది. మేనమామలను తీసుకురమ్మని ఆదెప్పనే తోలారు, అదే కారులో, అదే మోతతో.

"నిజమేనా?" అన్నాడు పెద్ద మేనమామ కారెక్కుతూనే.

"నిజమే అయ్యా. దగ్గరుండి నేనే బిగింపిస్తిని."

"తెలిసీ ఆపలేదా?"

"యాల ఆపల్ల అయ్యా? గట్టిగా పట్టుకుంటాయి. ఒకసారి పట్టుకుంటే ఇడ్సవు."

పెద్ద మేనమామ గుండె మీద చెయ్యి వేసుకుని, దారి పొడుగునా దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చున్నాడు. టైరు మోతకు ఇంత పంచాయితీనా, ఇక ఉద్యోగం పోయినట్టే అనుకున్నాడు ఆదెప్ప. మేనమామలను దించేసి గదికెళ్ళి పెట్టె తెరిచి, చొక్కాలు మడతపెట్టడం మొదలుపెట్టాడు. మడతపెట్టేసరికి పెట్టె సగమే నిండింది. ఆరేళ్ళ కాపురం ఇంతేనా అనిపించింది.

సాయంత్రం అతిథులు కూర్చునే మజ్లిస్ గది నిండిపోయింది. చెప్పుల దగ్గర నిలబడి ఆదెప్ప లోపలికి తొంగి చూశాడు. ఏమీ తెలియని నాసర్ నవ్వుతూ వచ్చి కూర్చున్నాడు. బాబా గొంతు సవరించుకున్నాడు.

"మీ పిన్ని కూతురు మరియంను నీకు అడిగాం. వాళ్ళూ, ఆ పిల్లా సరేనన్నారు. ఈ నెల్లోనే నిఖా. ఆ తర్వాత ఏ దేశమైనా వెళ్ళు, ఒక్కడివి మాత్రం వెళ్ళకు."

నాసర్ చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు దించుకున్నాడు. "పెద్దవాళ్ళు నిర్ణయించాక నేను కాదంటానా?" అన్నాడు, ఎంతో త్యాగం చేస్తున్నవాడిలా. పెదవుల చివర నవ్వు మాత్రం ఆగలేదు. ఆ పిన్ని వీధిలో గుంతలు లేవని ఆదెప్పకు అప్పుడు తెలిసింది.

అందరూ లేచి ముద్దులు పెట్టుకున్నాక, నాసర్‌కు సందేహం వచ్చింది. "ఇంతకీ నేనే దేశం వెళ్తున్నాను?"

"మంచు దేశానికి."

"ఎవరన్నారు?"

తలలన్నీ ఒక్కసారిగా చెప్పుల వైపు తిరిగాయి.

ఆదెప్పను లోపలికి పిలిచారు. లేని వానాకాలం, ఏసీ బటన్, మంచు నక్షత్రం, వాళ్ళ నాయన విత్తనాల నియమం, అన్నీ వచ్చిన అరబీలో చెప్పుకున్నాడు. మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పెద్ద మేనమామ చేతిలోని కాఫీ తెల్లటి తోబ్ అంగీ మీద ఒలికిపోయింది. నాసర్ అయితే దిండు మీద పడి దొర్లాడు. "జూన్ ఎండకు ఆ టైర్లు హల్వా అయిపోతాయి, నాన్నా!" అన్నాడు.

"తప్పయింది బాబా," అన్నాడు ఆదెప్ప. "కొత్త డ్రైవరు వస్తాండాడని వింటిని. పెట్టె సర్దుకున్నా. పొమ్మంటే పోతా."

బాబా కళ్ళు తుడుచుకుంటూ అతని వైపు చూశాడు. "కొత్తవాడు నీ బదులుకు వస్తున్నాడయ్యా, మూడు నెలలకు! ఆరేళ్ళలో ఒక్కసారే కదా ఇంటికెళ్ళావు. ఈసారి తీరిగ్గా వెళ్ళిరా. టికెట్ కూడా చెప్పేశాను."

మూడు నెలలు! ఇంటిదాని చేతి రాగిసంగటి, ఇంకా చూడని మనవరాలు, నులక మంచం మీద మధ్యాహ్నం నిద్ర, అన్నీ ఒక్కసారే ఆదెప్ప కళ్ళముందు తిరిగాయి. సగం నిండిన పెట్టె వృథా పోలేదనుకున్నాడు.

"రేపు పొద్దున్నే ఆ టైర్లు తీయించి, అన్ని కాలాలవి వేయించు," అన్నాడు బాబా. "వచ్చే వారం నీ ప్రయాణం."

తెర వెనక మంచం కిర్రుమంది. మధ్యాహ్నం నుంచీ గోడవైపు తిరిగి పడుకున్న నానమ్మ గొంతు, ఈసారి ఖంగున, మజ్లిస్ అంతా వినబడింది.

"ఆ టైర్లు తియ్యడానికి వీల్లేదు. ఆ డ్రైవరు కదలడానికీ వీల్లేదు. నాకింకా ఇద్దరు మనవళ్ళు పెళ్ళికున్నారు."