యమపటంలో హాజరు

ఏడింటికల్లా వీడియోలు పంపేసి, తొమ్మిదింటికి బడికి వెళ్లాలన్నది కోమల టీచర్ ఆలోచన. ఊరి పొలాల్లో మోటారు వైర్లు మాయమై, వాటి రాగి పెద్దపల్లిలో అమ్ముడవుతోంది. అందరి వేళ్లూ తొమ్మిదో తరగతి రాకేశ్ వైపే. ఇంకొక్కటి పోతే కేసు తప్పదని ఎస్సై తేల్చి చెప్పాడు. చక్కగా చదివే పిల్లవాడు ఠాణా మెట్లెక్కితే ఇంకేముంది? కోమలకు వారం రోజులుగా అన్నం సయించలేదు.

అందుకే పటం కథలు చెప్పే సిద్దిరాములును పట్టుకుంది. ఆయన గొంతునూ, ఆయన పటంలోని యముడి కొలువునూ ఫోన్‌లోకి ఎక్కించింది. పేర్ల జాబితా ఇస్తే చాలు, యముడు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి దొంగసొత్తు గురించి నిలదీసేలా యాప్ విడివిడిగా వీడియోలు తయారు చేసి ఇళ్ల ఫోన్లకు పంపుతుంది. కోమల తొమ్మిదో తరగతి జాబితా ఇచ్చి, బటన్ నొక్కి, ముసలాయనకు టీ పోసింది.

మంచు ఇంకా విడలేదు. ఎదురింట్లోంచి బొంగురు గొంతు లేచింది. "లక్ష్మీరాజం! తీసింది ఏడ వెట్టినవ్?" ఆ వెనకింట్లోంచి అదే గొంతు. "కైలాసం! తీసింది ఏడ వెట్టినవ్?"

సిద్దిరాములు గ్లాసు కింద పెట్టాడు. "బిడ్డా, నేను గీడనే ఉన్న గదా. గా ఇండ్లల్ల పిలుస్తున్నదెవలు?"

"యాప్ తాతా. ఫికర్ చెయ్యకు."

"పిల్లగాండ్ల పేర్లంటివి. లక్ష్మీరాజానికి యాభై ఏండ్లుంటయ్!"

కోమల జాబితా మళ్లీ తెరిచి చూసుకుంది. పిల్లల పేర్ల వరుసకు బదులు తండ్రుల పేర్ల వరుస ఇచ్చేసింది. ఫోన్లూ వాళ్లవే.

తిట్లు వస్తాయని తలుపు వేసుకుంది. తిట్లు రాలేదు, అదే ఎక్కువ భయపెట్టింది. కిటికీలోంచి చూస్తే, తల మీద కండువాలు కప్పుకున్న మనుషులు ఒకరినొకరు పలకరించుకోకుండా మంచులో నడుస్తున్నారు. పదేళ్ల కింద జరిపిన హద్దురాయిని లక్ష్మీరాజం భుజాన మోసుకుపోతున్నాడు. కైలాసం బడి గోడకు ఒక ఫ్యాను ఆనించి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. నాలుగేళ్ల కింద పంచాయతీ ఆఫీసులో మాయమైన పెద్ద వంట గంజు ఆ గుమ్మంలోనే బోర్లా పడి ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఊరు ఊరే భుజాలు తడుముకుంది.

చివరికి ఎవరో తలుపు తట్టారు. రాకేశ్ తండ్రి కొండల్. భుజాన వైరు చుట్ట, మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"టీచరమ్మా, యముడు నన్నే పిలిచిండు. అమ్మకుండ మిగిలింది గిదొక్కటే."

"నువ్వా తీసింది? మరి రాకేశ్?"

"వానికి ఎర్కనే లేదు. అందరు వాని మీద పడ్డరు, నేను నోరిప్పలే." కొండల్ గడపలోనే కూలబడి ఏడ్చాడు. "ఎస్సై సారుకు నేనే చెప్త. జర తోడు రాండ్రి."

కోమలకు కోపమూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఆమె తోడు వెళ్లింది. మధ్యాహ్నానికల్లా రాకేశ్ మీద మచ్చ తొలగిపోయింది.

సాయంత్రం లక్ష్మీరాజం, కైలాసంతో సహా ఊరి పెద్దలంతా పంచాయతీ ఆఫీసులో కూడి, ఒక్కమాట మీద తీర్మానం రాసి కోమలకు పంపారు: ఇలాంటి కథలు చూపిస్తే పిల్లలు చెడిపోతారు.