మూతలు మారిన రెండు పెట్టెలు

ఆ శుక్రవారం ఉదయం రెనిటా వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. తొమ్మిదింటికి విగ్గు. తొమ్మిదిన్నరకి ఇంత మొక్కజొన్న జావ. పన్నెండు దాకా అద్దం ముందు నిలబడి డైలాగులు. పన్నెండుకి బయలుదేరితే, అట్లాంటా ట్రాఫిక్ ఎంత పగబట్టినా, రెండింటికి స్టూడియో చేరవచ్చు.

ఆమె నటి అయి పద్నాలుగేళ్లయింది. ఈ పద్నాలుగేళ్లలో తొమ్మిదిసార్లు నర్సు, నాలుగుసార్లు జడ్జి, ఒకసారి కిటికీలోంచి కేకవేసే పొరుగింటావిడ. ఒక్క పాత్రకీ పేరు లేదు. నల్లజాతి ఆడదానికి పేరు పెట్టేంత తీరిక ఆ రాసేవాళ్లకి ఇన్నాళ్లకి దొరికింది. కోరా అనే లాయరు, సీరియల్ పొడుగునా ఉండే పాత్ర. రెనిటా పంపిన వీడియో నచ్చి, స్వయంగా వచ్చి చేసి చూపించమన్నారు. ఉత్తరం చివర ఒక షరతు ఉంది. 'వీడియోలో ఎలా ఉన్నారో అలాగే రండి. అదే జుట్టుతో.'

ముప్ఫై ఆరేళ్లొచ్చాయి. ఇదే ఆఖరుసారి అనుకుంది. ఇది రాకపోతే సోమవారం నుంచి కౌంటీ ఆఫీసులో బండ్ల రిజిస్ట్రేషన్ కిటికీ వెనక కూర్చుంటానని సంతకం కూడా చేసేసింది.

తొమ్మిదింటికి విగ్గు పెట్టె మూత తీసింది. లోపల వెండిరంగు ఉంగరాల జుట్టు ఉంది, ఎనభై ఏళ్లావిడకి అతికినట్టు సరిపోయేలాంటిది.

"పిన్నీ!"

ఆల్థియా పిన్ని వంటింట్లోంచి కుంటుకుంటూ వచ్చింది. తల్లి పోయినప్పటినుంచి రెనిటాని పెంచింది ఆవిడే. వీధి చివర ముప్ఫై ఏళ్లుగా జుట్టు దుకాణం నడుపుతోంది. బతికున్నవాళ్లకి దుకాణంలో, పోయినవాళ్లకి శవసంస్కారాల టోల్బర్ట్ గారి దగ్గర జుట్టు సవరిస్తుంది. పొయ్యి ఆర్పానా, తలుపు వేశానా అని సగం దారిలోంచి వెనక్కొచ్చే మనిషి.

పెట్టెలోకి చూసి పిన్ని కుర్చీలో కూలబడింది. "ఇది హెటీ లూ గారిదే. ఇవాళ పదకొండింటికి ఆవిడకి ఆఖరి ప్రార్థన."

"మరి నాదెక్కడ?"

"నిన్న మోకాలు నొప్పని నేను వెళ్లలేదు కదే. దువ్వి సిద్ధం చేసి పెట్టెలో పెట్టి పంపించాను, పెట్టేయండి చాలని టోల్బర్ట్‌కి చెప్పాను. రెండు పెట్టెలూ ఒకేలా ఉన్నాయని పేర్లు కూడా రాశాను."

"రాస్తే ఎలా మారాయి?"

"మూతల మీద రాశాను," అంది పిన్ని గొంతు తగ్గించి. "మారిపోతాయేమోనని భయమేసి మాటిమాటికీ తీసి చూసుకున్నాను. ఏడోసారో ఎనిమిదోసారో..."

రెనిటా సొంత జుట్టు, విగ్గు కింద ఇమడడానికి, సన్నటి జడలుగా నెత్తికి అతుక్కుని ఉంది. అవన్నీ విప్పి దువ్వాలంటే సాయంత్రమవుతుంది. వెండి విగ్గు పెట్టెని చంకలో పెట్టుకుని, "పద," అంది.

చర్చి చేరేసరికి పదింబావు. జనం వరసగా శవపేటిక దగ్గరికి వెళ్లి చూసి వస్తున్నారు. టోల్బర్ట్ గారు నల్లకోటులో గుమ్మం దగ్గరున్నాడు. విషయం విని జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఒక్క నిమిషం మూత వేయండి బాబూ," అని బతిమాలింది పిన్ని. "ఇది పెట్టి అది తీసేసుకుంటాం. మూడో కంటికి తెలీదు."

"మూత వేస్తే ఆవిడ నన్నే అందులో పెడుతుంది," అన్నాడాయన, మొదటి వరసలో ఊదారంగు టోపీ పెట్టుకున్న ముసలావిడని చూపిస్తూ. "ఐడెల్లా గారు. చనిపోయినావిడ చెల్లెలు. నిన్న రాత్రే మేకన్ నుంచి వచ్చింది. ఇద్దరికీ పందొమ్మిదేళ్లుగా మాటల్లేవు. వచ్చి పెట్టెలోకి చూసి ఏమందో తెలుసా? 'నా గుమ్మం దిగి వెళ్లిన రోజున మా అక్క అచ్చం ఇలాగే ఉంది' అంది. అప్పటినుంచీ ఆ కుర్చీ వదల్లేదు."

రెనిటా వెళ్లి వరసలో నిలబడింది. విగ్గుని కనీసం ఎన్ని జడపిన్నులతో బిగించారో చూసుకుంటే, వీలు చిక్కినప్పుడు తీయడం తేలికవుతుందని ఆమె ఆలోచన. ముందున్నవాళ్లు మురిసిపోతున్నారు. "ఎంత బాగా చేశారమ్మా! ఇరవై ఏళ్లు తగ్గినట్టుంది."

నిజంగానే తగ్గినట్టుంది. ఆ నల్లటి జుట్టులో హెటీ లూ గారు ఏదో కేసు గెలిచి కునుకు తీస్తున్న లాయరులా ఉంది. రెనిటా వంగింది. ఇంకొంచెం వంగింది. చెవి వెనక జడపిన్నులు లెక్కపెడుతూ వేలితో తాకింది. అయిదు.

అంతలో రెండు తెల్లని చేతి తొడుగులు వెనకనుంచి ఆమె చంకల కింద పట్టుకున్నాయి.

"వదిలేయ్ తల్లీ, వదిలేయ్. ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్లింది," అంది చర్చి సేవకురాలు. ఇంకొకామె విసనకర్ర విసరడం మొదలుపెట్టింది. మూడో ఆమె నీళ్లు పట్టించింది.

"నేను బాగానే ఉన్నానండీ."

"అందరూ అలాగే అంటారు. ఆ తర్వాతే పడతారు. ఈమె ఎవరమ్మా, చుట్టమా?" అని సేవకురాలు పిన్నిని అడిగింది.

పిన్ని టోల్బర్ట్ వైపు ఒకసారి చూసింది. "కూతురులాంటిది," అనేసింది.

మూడో వరసకి చేరేసరికి 'లాంటిది' ఊడిపోయింది. ఏడో వరసలో ఆ కూతురు డిట్రాయిట్‌లో పుట్టింది. పన్నెండో వరసలో తండ్రి పేరు కూడా ఖాయమైంది. అప్పటికి రెనిటాని తీసుకెళ్లి ఐడెల్లా గారి పక్కనే కూర్చోబెట్టారు. ముసలావిడ ఆమెని కిందనుంచి పైకి చూసి, పళ్లు బిగించి, ముందుకి తిరిగిపోయింది.

పదకొండున్నర అయింది, పన్నెండయింది. గాయకులు పాడి కూర్చున్నారు, మళ్లీ లేచారు. రెనిటా గడియారం చూసుకుంటుంటే పాస్టరు ఆమె వైపు చెయ్యి చాపాడు. "దూరంనుంచి వచ్చిన బిడ్డ ఒకామె మన మధ్య ఉంది. రెండు నిమిషాలు మాట్లాడుతుంది. రెండంటే రెండే!"

ఆమె లేచింది. పద్నాలుగేళ్ల అనుభవం ఉంది, ఎంత అబద్ధమైనా చెప్పగలదు. కానీ ఆ ఊదా టోపీ వైపు చూశాక ఒక్కటీ నోటికి రాలేదు.

"నేను ఆవిడ కూతుర్ని కాదండీ," అంది. "శనివారాలు మా పిన్ని దుకాణంలో ఆవిడ తలకి నూనె పట్టేదాన్ని. పదకొండేళ్లు. నేను టీవీలో కనబడితే ఈవిడొక్కతే చూసేది. 'మొన్న నీ మోచెయ్యి చూశానే, బాగా చేసింది' అనేది." జనం నవ్వారు. "ఎప్పుడూ తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చునేది. తలుపు చప్పుడైతే తల తిప్పేసేది, నూనె నా కళ్లలో పడేది. ఎవరికోసమమ్మా అని ఒకసారి అడిగాను. 'ఒక మొండి మనిషి కోసం' అంది. 'ఆ మొండి మనిషి రాకపోతే?' అన్నాను. 'వస్తుంది. కానీ నాకంటే ఆలస్యంగా' అంది."

చర్చిలో విసనకర్రలు ఆగిపోయాయి. ఐడెల్లా గారు టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, అందులో ముఖం దాచుకుంది.

రెనిటా కూర్చుంది. ఆ విగ్గు ఇక తనది కాదని అప్పుడే తేల్చుకుంది.

బయటికొచ్చేసరికి ఒంటిగంట. మొదటి వరసలో కూర్చున్నవాళ్లు కదా అని టోల్బర్ట్ మనుషులు పిన్ని కారుకి ఊదా జెండా కట్టి ఊరేగింపు మధ్యలో ఇరికించారు. ముందు పన్నెండు కార్లు, వెనక తొమ్మిది.

"వరసలోంచి తప్పుకోకూడదే, అరిష్టం," అంది పిన్ని స్టీరింగు కావలించుకుని.

"స్టూడియో కూడా ఇటే పిన్నీ. మలుపు దాకా ఇలాగే పోనీ."

ఎదురొచ్చే బండ్లన్నీ మర్యాదగా పక్కకి ఆగిపోతున్నాయి. అట్లాంటాలో అంత ఖాళీ రోడ్డు రెనిటా ఎన్నడూ చూడలేదు. మలుపు రాగానే, "తిప్పు!" అంది. పిన్ని కళ్లు మూసుకుని తిప్పింది. కొంతదూరం పోయాక అద్దంలోకి ఒకసారి చూసి, మళ్లీ చూసింది.

"రెనిటా, మన వెనకాలే గాయకుల వ్యాను వస్తోందే."

"వాళ్లెందుకొస్తారు?"

"దాని వెనక పాస్టరు."

కళ్లజోడు చర్చిలో మరిచిపోయి వెనక్కి వెళ్లిన పాస్టరు గాయకుల వ్యాను వెనక వరసలో దూరాడు, ముందు ఏ కారుకి జెండా కనబడితే దాన్నే నమ్మాడు, వెనకవాళ్లు ఆయన్ని నమ్మారు. పిన్ని కారూ, వెనక ఆ తొమ్మిదీ, లైట్లు వేసుకుని, నిమ్మదిగా స్టూడియో గేటు ముందు నిలిచాయి. కాపలావాడు నల్ల బట్టలన్నీ చూసి, "అంత్యక్రియల సీనుకా? కుడివైపు పెట్టుకోండి," అని గేటు తెరిచాడు.

పాస్టరు దిగి చుట్టూ చూశాడు. "సిస్టర్, శ్మశానమేదీ?"

పిన్ని ఏడుస్తూ మొత్తం చెప్పేసింది. ఆయన గడియారం చూసుకుని, రెనిటాని చూసి, నిట్టూర్చాడు. "వెళ్లు తల్లీ, తొందరగా చేసుకురా. హెటీ లూ గారు కూడా ఏనాడూ ప్రార్థనకి వేళకి రాలేదు."

లోపల బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్నామె వీడియో బొమ్మనీ రెనిటా తలనీ మార్చి మార్చి చూసింది. "మీ జుట్టేదండీ?"

ఉదయంనుంచి చంకలోనే ఉన్న పెట్టె తెరిచి, రెనిటా వెండి విగ్గు తలకెత్తుకుంది. బయట గాయకులు ఊరికే నిలబడలేక సన్నగా పాట అందుకున్నారు. కోరా డైలాగులు మొదలుపెడితే గొంతులో ఇంకా చర్చి ఉంది. ముగ్గురూ రాయడం ఆపేశారు. కాసేపటికి ఒకాయన ఇంకో కాగితం జరిపి, "ఇది కూడా చదువుతారా?" అన్నాడు. ఏమిటో చూసుకోకుండానే చదివేసి పరుగెత్తింది.

శ్మశానంలో ముందొచ్చిన పన్నెండు కార్లవాళ్లు చెట్ల నీడన ఎదురుచూస్తుంటే, ఐడెల్లా గారు శవపేటిక పక్కన ఒంటరిగా కుర్చీలో కూర్చుని ఉంది. పాస్టరూ గాయకులూ తలలు వంచుకుని వచ్చారు. విగ్గు తీయడం మరిచిపోయిన రెనిటా ఆవిడ ముందు నిలబడింది.

"అమ్మా, ఒక తప్పు జరిగింది. మీ అక్కగారి తలమీద ఉన్న జుట్టు నాది. ఆవిడ రోజూ పెట్టుకునేది ఇదీ."

"తెలుసులే," అంది ఐడెల్లా గారు. "మా అక్కకి అంత మంచి జుట్టు ఏనాడూ లేదు."

"మరి అప్పుడే అనలేదేం?"

"పందొమ్మిదేళ్ల తర్వాత కలిశాం. కలవగానే తప్పు పట్టమంటావా?" ఆవిడ చెయ్యి చాపి రెనిటా చెంప మీది వెండి జుట్టు పాయ సర్దింది. చాలాసేపు అలాగే చూసింది. "ముసలిదయ్యాక ఇలా ఉండేదన్నమాట."

ఆదివారమంతా ఫోను మోగలేదు. సోమవారం ఉదయం కౌంటీ ఆఫీసుకని చెప్పులు వేసుకుంటుంటే మోగింది. పాత్ర వచ్చింది. సీరియల్ పొడుగునా ఉంటుంది, పేరు కూడా ఉంది. జుట్టు మాత్రం అదే ఉండాలన్నారు. పిన్ని ఆనందంతో ఏడ్చి, పెట్టె తెచ్చి, ఈసారి పేరు అడుగున రాసింది.

రెనిటాది కోరా తల్లి పాత్ర. కోరాగా వేసే అమ్మాయి ఆమెకంటే అయిదేళ్లు పెద్దది.