యెషికి వేసిన డేరా

ఆ శనివారం పొద్దున మందెఫ్రో వేసుకున్న పథకం చిన్నదే. తన ఒంటితీగ మసింకో, భార్య యెషి గొంతు, గోందర్‌లో తమ పాటలహోటల్లో జనం ఎదుటే రికార్డు చేయించి ఆల్బమ్ వెయ్యాలి. అడిస్ అబాబా నుంచి రికార్డింగ్ యంత్రాలతో వచ్చిన బిన్యాం సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాడు. ఊళ్ళో ఏ పెళ్ళయినా యెషి పాడాల్సిందే గాని, ఆమె పాట ఒక్కటీ రికార్డుకెక్కలేదు. ఇవాళ తప్పితే ఇంకెప్పుడూ ఎక్కదని ఆమె దిగులు.

"చప్పుడైతే రికార్డు పాడవుతుందన్నా" అన్నాడు బిన్యాం. మందెఫ్రోకి ఆ ఒక్క మాట చాలు. ఆ హోటల్లో తేనెసారా తాగేవాళ్ళు అప్పటికప్పుడు పాట పాదాలు కట్టి విసరడం, యెషి అందుకుని పాడుతూ విసిరినవాణ్ణే ఏడిపించడం రివాజు. అలాంటివాళ్ళని "దగ్గారో, చంపుతా!" అని కూర్చోబెట్టాడు. వీధిలోకి పరుగెత్తి పక్కకొట్టు రేడియో కట్టేయించాడు. పిండిమర అబెబు "ఏమైందయ్యా?" అంటే, కంగారులో నోటిమీద వేలేసుకుని, "యెషి... మర ఆపు తల్లీ" అని మాత్రం అనగలిగాడు.

అబెబు తలుపు సందులోంచి చూసింది. పాటలహోటల్లో పాట లేదు, జనం తలలు వంచుకుని కూర్చున్నారు! ఇంకేముంది, యెషి పోయిందనుకుని గుండె బాదుకుంటూ, ఎవరు పోయినా డేరా వేసి శనగలు ఉడికించి పెట్టే చావుల సంఘం పెద్దాయన తెసెమ్మ దగ్గరికి పరుగెత్తింది. ఆయన వీధి వీధినా చావుబూరా ఊదాడు.

లోపల యెషికి గోడకి పాడుతున్నట్టుంది. ఎదురుపాదం లేక పాట చప్పగా చచ్చింది. బిన్యాం మొహం ముడుచుకున్నాడు. అంతలో వాకిట్లో డేరా గుంజలు పాతుతున్న చప్పుడు, వెనకే ఏడుపులు.

"అయ్యో యెషీ! ఏం గొంతే నీది, తేనె కదుటే!" అబెబు శోకాలు.

మందెఫ్రో లేవబోయాడు. యెషి అతని చొక్కా పట్టి లాగింది. "ఆగవయ్యా! నా గొంతుకంటే తన మరే నయమన్న మనిషి. ఇంకాస్త పొగడనీ."

కడుపునిండా విని, యెషి గొంతెత్తుతూ బయటికొచ్చింది.

"చచ్చాక తేనైందా నా గొంతు, అబెబూ?
నిన్నటిదాకా నీ మరలో నలిగిందెందుకూ?"

తెసెమ్మ బూరా జారవిడిచాడు. అబెబు ముక్కు చీది, అలవాటు కొద్దీ పాదం విసిరింది.

"బతికొచ్చావు సరే, ఉడికిన శనగలేం చెయ్యనూ?
ఇవి తిని మళ్ళీ మా బుర్రలు తినూ!"

అంతే, హోటలూ డేరా ఒకటైపోయాయి. తలో పాదం విసురుతుంటే యెషి ఒక్కొక్కరినీ ఉతికి ఆరేసింది. మందెఫ్రో కమాను తీగమీద చిందులేసింది. "ఆపకండక్కా! అంతా ఎక్కుతోంది!" అని బిన్యాం గంతులేశాడు. బస్సు మాట మరిచేపోయాడు.

ఆల్బమ్ ఏడుపులతోనే మొదలవుతుంది. వర్షాకాలం ముగిసేసరికి గోందర్ టాక్సీలన్నిట్లో అదే. మొదటిసారి విన్నరోజు యెషి నడిరోడ్డుమీద నిలబడి నవ్వుతూ ఏడ్చింది. అబెబు మర ఆపి మరీ వింటోంది.

చావుల సంఘం మాత్రం సమావేశమై, మనిషికి ఒక్క డేరాయే గనక యెషి వంతు అయిపోయిందని తీర్మానించింది.