కోల్మన్ చూడని విమానం

ఆ మంగళవారం పొద్దున కూడా కోల్మన్ హెహిర్ ఫ్లాస్కు నిండా టీ పోసుకుని, హ్యామ్ శాండ్‌విచ్‌లు రెండు కాగితంలో చుట్టుకుని, సైకిలెక్కి విమానాశ్రయం కంచె దగ్గరకు బయల్దేరాడు. దిగిన విమానాల తోకల మీది నంబర్లు రాసుకోవడం, ఒంటిగంట వార్తలకు ఇల్లు చేరి బంగాళాదుంపలు ఉడకేసుకోవడం, ఆ జాబితాను ఇంటర్నెట్‌లో తనలాంటి విమానాల పిచ్చివాళ్లకు పంపడం అతని దినచర్య. క్లేర్ జిల్లాలో పాలకేంద్రం మూతపడి ఉద్యోగం పోయినప్పటి నుంచి ఐదేళ్లుగా ఇదే పని. పెళ్లి కాలేదు. ఈ ఐదేళ్లలో అతని జాబితాకు ఒక్కరూ జవాబిచ్చిన పాపాన పోలేదు.

ఆ రోజు పొగమంచు ఎంతగా పట్టిందంటే, సైకిలు మీద కూర్చుంటే దాని ముందుచక్రం కనబడలేదు. పదింటి దాకా చూసి, చలికి వణుకుతూ ఇంటికొచ్చేశాడు. కళ్లారా చూడని విమానాన్ని రాయకూడదన్నది ఈ పిచ్చి ఉన్నవాళ్లకున్న ఒకే ఒక్క నీతి. కానీ ఖాళీ జాబితా పంపితే కోల్మన్ చచ్చిపోయాడేమో అనుకుంటారు. అది కూడా అనుకోరేమోనన్న ఆలోచన మరీ బాధపెట్టింది. అందుకని కిందటి చలికాలం చూసిన ఒక చిన్న తెల్ల విమానం నంబరు రాసి పంపాడు. దాని మీద ఏ కంపెనీ పేరూ లేదు, అలాంటిదాన్ని ఎవరు పట్టించుకుంటారులే అని ధీమా.

పది నిమిషాల్లో ఫోను మోగింది. అది తన ఫోనేనని తెలియడానికి అతనికి కాస్త సమయం పట్టింది.

"కోల్మన్ గారేనా? నా పేరు అట్రాక్టా, ఎన్నిస్ పట్టణంలో టీచరుగా చేసి రిటైరయ్యాను. మీ జాబితా కింద నంబరూ చిరునామా ఉంటే చేస్తున్నా. కోర్టూ కేసూ లేకుండా మనుషుల్ని పట్టుకుని దేశాలు దాటించే విమానాలు ఉన్నాయని అంటున్నారు కదా, మేం కొంతమందిమి వాటి వెంట పడుతున్నాం. మీరు రాసింది అలాంటిదేనని మా అనుమానం. నిజంగా చూశారా?"

కోల్మన్ నోరు తెరిచేలోపు ఆమె, "ఉండండి, నేనే వస్తున్నా" అంది.

వచ్చింది. చేతిలో తనే కాల్చిన ఆపిల్ టార్టు పళ్లెం ఉంది, ఇంకా వేడిగా. ఆ వంటింట్లో రెండో కప్పు బయటికొచ్చి ఎన్నాళ్లయిందో కోల్మన్‌కే గుర్తులేదు.

"చూశాను" అన్నాడు, టార్టు వంక చూస్తూ.

"కిటికీలు?"

"తెరలు దించేసి ఉన్నాయి."

బుధవారం ఆమె ఇంకో ముగ్గురిని, ఒక కేకును వెంటబెట్టుకొచ్చింది. ఆ ముగ్గురి కోసం కోల్మన్ తన కథలో విమానం పక్కన ఒక నల్ల వ్యానును నిలబెట్టాడు. గురువారం అట్రాక్టా రేడియోలో, "మా సాక్షి దగ్గర అన్నీ ఉన్నాయి" అని ప్రకటించింది. అన్నీ అంటే ఫోటో కూడా ఉండే ఉంటుందని రాజధాని డబ్లిన్‌లో ఒక ప్రభుత్వ శాఖ వాళ్లు గుండెలు బాదుకున్నారు. సాయంత్రానికి కోల్మన్ చిన్ననాటి స్నేహితుడు, పోలీసు సార్జెంట్ టూహీ వచ్చాడు.

"ఒరేయ్, ఆ రోజు నా జీపు నాకే కనబడలేదు. నీకు కిటికీ తెరలు కనబడ్డాయట్రా?"

"నా కళ్లు మంచివి."

"స్కూల్లో నల్లబల్ల కనబడదని ముందు బెంచీలో కూర్చునేవాడివి కదరా!"

శుక్రవారం పొద్దున అట్రాక్టా అతన్ని ఎన్నిస్‌లో లాయరు ఆఫీసుకు తీసుకెళ్లింది. బైబిల్ మీద చెయ్యేసి ప్రమాణపత్రం ఇవ్వాలి. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది అతని పరిస్థితి. నిజం చెబితే ఈ మనుషులు మళ్లీ తన గడప తొక్కరు. చెప్పకపోతే దేవుడి పుస్తకం మీద అబద్ధం. చెయ్యి బైబిల్ దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"నేను ఏమీ చూడలేదండీ. పొగమంచు."

అట్రాక్టా ప్రమాణపత్రాన్ని పక్కకు జరిపి, "మరి చూశానని ఎందుకన్నారు?" అంది.

"మీరు ఫోను చేశారు కదండీ."

ఆమె తన టార్టు పళ్లెం సంగతి కూడా అడగకుండా వెళ్లిపోయింది. కోల్మన్ బస్సెక్కి ఇంటికొచ్చాడు. సిగ్గుతో, అంతకంటే ఎక్కువగా ఒంటరితనంతో, కోటు కూడా విప్పకుండా వంటింట్లో కూలబడ్డాడు.

ఒంటిగంట వార్తలొచ్చాయి. లేని ఫోటోకు భయపడి డబ్లిన్ శాఖ ముందే ప్రకటన ఇచ్చేసింది: మంగళవారం ఉదయం ఆ విమానం దిగిన మాట వాస్తవమే, ఇంధనం నింపుకుని వెళ్లిపోయింది, అనుమానించాల్సిందేమీ లేదు.

ఫోను మోగింది. అట్రాక్టా. "కోల్మన్ గారూ, అది వచ్చిందట! వెంటనే వచ్చి సంతకం చేయండి!"

"వచ్చిందే కానీ, నేను చూడలేదు కదండీ."

"నిజమని తేలిపోయిందిగా!"

"నేను చెప్పింది మాత్రం అబద్ధమే కదండీ."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు. అంతలో సార్జెంట్ టూహీ తలుపు కూడా తట్టకుండా లోపలికొచ్చి, "అబద్ధమాడి నిజం చెప్పినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానురా" అని కుర్చీ లాక్కున్నాడు.

కోల్మన్‌కి నవ్వు రాలేదు. కంచెకు ఇవతల తను చలికి వణుకుతున్నప్పుడు, అవతల తెరలేసిన కిటికీ వెనక ఎవరైనా ఒంటరిగా కూర్చుని ఉన్నారేమో. నాలుగు రోజులూ తను ఆ మనిషి గురించి ఆలోచించనే లేదు.

"లోపల ఎవరున్నారురా?"

టూహీ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఎవరూ ఎక్కి చూడలేదు. చూడమని మాకు ఎవరూ చెప్పలేదు."

ఆ పొద్దున ఆ విమానాన్ని చూడనివాడు కోల్మన్ ఒక్కడే కాదు. చూడలేదని తప్పు ఒప్పుకున్నవాడు మాత్రం అతనొక్కడే.