వాయుగామి రెండో దశ

వాయుగామి ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ ఒక్క ఏడాదిలో నాలుగింతలు పెరిగిందని మంత్రిగారు తిరుపతిలో ఒక పెద్ద హోటల్లో ప్రకటించారు. ప్రకటించి, మంచినీళ్లు తాగి, మళ్లీ ఇంకోసారి ప్రకటించారు. మొదటిసారికి టీవీ కెమెరాలు ఇంకా సిద్ధం కాలేదు.

"పోయినేడు ఈ సంస్థ పదకొండు ఒప్పందాలు కుదుర్చుకున్నాది. ఈ ఏడు నలభై నాలుగు. ఇదే ఊపున పోతే పదేళ్లలో దేశంలో తిరిగే ప్రతి మూడో కారూ మన కార్వేటినగరం నుంచే బయల్దేరతాది. అందుకే రెండో దశ విస్తరణకు అనుమతి ఇస్తా ఉండాం."

ఒక విలేకరి లేచి, ఇప్పటిదాకా ఎన్ని కార్లు తయారయ్యాయని అడిగాడు.

మంత్రిగారు అతనివైపు జాలిగా చూశారు. "నువ్వు కార్లు చూస్తా ఉండావు. నేను గ్రోత్ చూస్తా ఉండాను. కార్లు ఎవరైనా తయారు చేస్తారప్పా. కార్లు లేకుండా నాలుగింతలు పెరగడం ఎంతమందికి చేతనవుతాది?"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆ చప్పట్లు మొదలుపెట్టింది మూడో వరుసలో కూర్చున్న గంగాధరం. అతను మండల పార్టీ అధ్యక్షుడు. మంత్రిగారు ఊపిరి పీల్చుకోవడానికి ఆగారా, చప్పట్ల కోసం ఆగారా అన్నది కనిపెట్టగల మనిషి పార్టీలో అతనొక్కడే. ఆ విద్యతోనే అధ్యక్షుడయ్యాడని గిట్టనివాళ్లు అంటారు. గిట్టినవాళ్లూ అదే అంటారు.

అయితే గంగాధరం చప్పట్లు నటన కాదు. వాయుగామిని అతను నిజంగా నమ్మాడు. కంపెనీకి స్థానిక సలహా సంఘం పెడతామనీ, దానికి ఛైర్మన్ అతనేననీ మంత్రిగారు స్వయంగా భుజం మీద చెయ్యి వేసి చెప్పారు. పద్దెనిమిదేళ్లుగా సభల్లో కుర్చీలు వేయించినవాడికి ఒక కుర్చీ దొరుకుతుందంటే నమ్మకుండా ఎట్లా ఉంటాడు?

మొదటి దశ అతని ఊరి పొలిమేరలోనే ఉంది. మూడు వైపుల ప్రహరీ గోడ, ఒక ఆర్చి, ఒక రేకుల షెడ్డు. నాలుగో వైపు గోడ లేదు. అది విస్తరణ కోసం వదిలిన వైపని కంపెనీవాళ్లు చెప్పారు. ఆ వైపున గంగాధరం నాయన మునిరామయ్య మామిడి తోట ఉంది.

ఆ సాయంత్రం గంగాధరం తోటకు వెళ్లేసరికి, కాయల బరువుకు వంగిన కొమ్మకు మునిరామయ్య వెదురుకర్ర ఆసరా పెడుతున్నాడు.

"నాయనా, మంత్రిగారు సభలో నీ పేరెత్తినారు."

"నా పేరా? ఏమని?"

"పేరంటే పేరు కాదులే. భూమి ఇచ్చిన రైతులు అన్నారు. అందులో నువ్వు ఉండావు గదా."

"నేనింకా ఇయ్యలేదు గదరా?"

"అందుకే పేరు చెప్పలా."

మునిరామయ్య కర్ర సరిగ్గా ఆనించి, చేతులు దులుపుకున్నాడు. "అది సరే, మొదటి దశలో కారెప్పుడు వస్తాదిరా?"

"మొదటి దశ కారు కోసం కాదు నాయనా. మొదటి దశ రెండో దశ కోసం."

"మరి రెండో దశ?"

"అది వస్తే నీకే తెలుస్తాది."

"పోనీ, ఒక నెల ఆగమను. కాయ దిగిపోనీ. జ్యూసు ఫ్యాక్టరీకి తోలేసినాక ఏమన్నా చేసుకోమను."

"గ్రోత్ నెల ఆగతాదా నాయనా! గురువారం జర్మనీ నుంచి ఇన్వెస్టర్లు వస్తా ఉండారు. వాళ్లకోసం మంత్రిగారు హెలికాప్టర్‌లో వస్తా ఉండారు. ఆ హెలికాప్టర్ యాడ దిగాల?"

మునిరామయ్య తోటను చూసి, "ఈడ యాడ దిగతాది, చెట్లుండాయి" అన్నాడు.

"అదే నేను చెప్తా ఉండేది."

అవి అరవై రెండు బెంగళూరా రకం మామిడి చెట్లు. ముప్పై ఏళ్ల కింద బావి నుంచి కడవలతో నీళ్లు మోసి పెంచినవి. మునిరామయ్యకు వాయుగామి మీద నమ్మకమూ లేదు, అపనమ్మకమూ లేదు. అతనికి తెలిసింది కొడుకు ముఖం. ఎమ్మెల్యే ఇంటి ముందు, తాసిల్దారు గది ముందు చేతులు కట్టుకుని నిలబడి నిలబడి నల్లబడిన ముఖం అది. ఇన్నాళ్లకు అది వెలుగుతోంది. అతను కొడుకు చాపిన భూమి కాగితాలన్నిటి మీదా సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే జేసీబీ వచ్చింది. అంతవరకు వాయుగామి పనుల్లో ఏదీ అనుకున్న వేళకు జరగలేదు. ఇదొక్కటే అనుకున్న వేళకన్నా గంట ముందు జరిగింది. చెట్లు కాయలతోనే పడ్డాయి. మునిరామయ్య పచ్చికాయలు ఏరి గోతాలకు ఎత్తాడు. జ్యూసు ఫ్యాక్టరీవాళ్లు లేతకాయ వద్దన్నారు. దారిన పోయేవాళ్లను పిలిచి పిలిచి పంచిపెట్టాడు. మధ్యాహ్నానికి నేల చదును చేసి, మధ్యలో సున్నంతో పెద్ద హెచ్ అక్షరం గీశారు. గంగాధరం దాన్ని ఫోటో తీసి పార్టీ గ్రూపులో పెట్టాడు. వెంటనే డెబ్బై మంది దండాలు పెట్టారు.

ఆ రోజే పవిత్ర గారు ఫోన్ చేశారు. ఆమె వాయుగామిలో గ్రోత్ విభాగానికి వైస్ ప్రెసిడెంట్. కంపెనీలో తక్కిన విభాగాలు ఇంకా పెట్టలేదు.

"గంగాధరం గారూ, ఇన్వెస్టర్లు మన మ్యాన్‌పవర్ చూస్తామంటున్నారు."

"ఎంతమంది కావాల మేడమ్?"

"మూడు వందల మంది. స్కిల్డ్ అయి ఉండాలి."

"స్కిల్డ్ అంటే?"

"ఫోను చూసుకోకుండా అరగంట వరుసలో నిలబడగలగాలి."

మండలంలో అలాంటివాళ్లు దొరకరని గంగాధరానికి తెలుసు. అతను నేరుగా నగరి వెళ్లాడు. అక్కడ మరమగ్గాలు ఆగి మూడు వారాలయింది. ఎస్తేరు అనే ఆమె ఇరవై ఏళ్లుగా మగ్గాల దగ్గర కూలి పని చేస్తోంది. ఆమె ఒక్క మాట అంటే ఆ వీధి వీధంతా కదులుతుందని విని, ఆమెనే అడిగాడు.

"మీరంతా ఒక్క దినానికి ఇంజనీర్లుగా రావాలమ్మా."

"ఇంజనీరంటే ఏం సెయ్యాలన్నా?"

"నీలం కోటు ఏసుకోని నిలబడాల."

"ఎవరన్నా ఏమన్నా అడిగితే? అబద్ధం సెప్పను నేను. ఆదివారం గుడికి పోయేదాన్ని."

"అబద్ధం ఎందుకు? నీ పని గురించి నిజమే చెప్పు. మేడమ్ దాన్ని ఇంగ్లీషులోకి తిప్పతాది."

"మా మగ్గాల ఓనరుకు సెలవు సెప్పాల."

"మగ్గాలు ఆడతా ఉండాయా?"

"లేదు."

"మరి సెలవెందుకు?"

ఎస్తేరు వీధిలోకి నడిచి ఒక్కో తలుపూ తట్టింది. వాయుగామి ఉద్యోగుల సంఖ్య ఒక్క పూటలో పన్నెండు నుంచి మూడు వందల పన్నెండుకు పెరిగింది.

గురువారం మంత్రిగారు హెలికాప్టర్‌లో రాలేదు. పర్యావరణాన్ని కాపాడే కార్ల ఫ్యాక్టరీకి హెలికాప్టర్‌లో వెళ్తే జనానికి తప్పుడు సందేశం పోతుందని ఆఖరి నిమిషంలో ఆయనకు తోచిందట. అందుకని రోడ్డు మీదే, నలభై డీజిల్ బండ్లలో వచ్చారు. ఖాళీగా ఉన్న హెచ్ అక్షరం మీద భోజనాల షామియానా వేశారు. స్థలం వృథా కాలేదని గంగాధరం సంతోషించాడు. ఆ సంతోషం నాయనతో పంచుకుందామని వెతికాడు. మునిరామయ్య ఆర్చి కింద నిలబడి, వచ్చేవాళ్లకు దారి చూపిస్తున్నాడు.

ఇన్వెస్టర్లు ముగ్గురు. పెద్దాయన పేరు లూకాస్. బంగారు రంగు గడ్డం, భుజాల దగ్గర కాస్త బిగుతైన బూడిదరంగు కోటు. ఆయన చేతిలో ఎన్ని దేశాల భవిష్యత్తు ఉందో పవిత్ర గారు మైకులో చదివి వినిపించారు.

తర్వాత కంపెనీకి ఉన్న ఒక్క కారు మీది మఖమల్ గుడ్డ తీశారు. మంత్రిగారు స్టీరింగ్ ముందు కూర్చున్నారు, లూకాస్ పక్కన. తలుపులు మూశారు. రెండు నిమిషాలు గడిచాయి. మంత్రిగారు చెమటలు తుడుచుకుంటూ దిగారు.

"అద్భుతం! ఏం నిశ్శబ్దమప్పా! కదిలినట్టే తెలీలా!"

"కదల్లేదు సార్," అన్నారు పవిత్ర గారు మెల్లగా. "ఇది ఎగ్జిబిషన్ మోడల్. లోపల మోటార్ ఉండదు."

"అదే నేననేది. మోటారు లేకుండానే ఇంత బాగుంటే, పెడితే ఎట్లుంటాదో చూసుకోండి!"

గంగాధరం చప్పట్లు కొట్టాడు. మూడు వందల నీలం కోట్లూ కొట్టాయి.

లూకాస్ ఇంజనీర్ల వరుస వెంట నడుస్తూ వచ్చి, ఎస్తేరు దగ్గర ఆగి ఇంగ్లీషులో ఏదో అడిగాడు.

"నీది ఏ విభాగం అంటున్నారు," అన్నారు పవిత్ర గారు.

"పడుగు. దారాలన్నీ చిక్కు పడకుండా వరసగా పెట్టేది."

"వైరింగ్," అని పవిత్ర గారు ఆయనకు చెప్పారు.

"రోజుకు ఎన్ని చేస్తారు అంటున్నారు."

"కరెంటుంటే పన్నెండు లుంగీలు. లేకుంటే సున్న."

"రోజుకు పన్నెండు కార్లు, పొగ మాత్రం సున్న," అన్నారు పవిత్ర గారు.

లూకాస్ గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. పవిత్ర గారు ఇంగ్లీషులో చెప్పకముందే ఆయన నవ్వు మొదలైనట్టు గంగాధరానికి అనిపించింది. జర్మనీవాళ్ల తెలివి గురించి అతను వినే ఉన్నాడు.

నలభై ఐదో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. రెండో దశ ఇంత దిగ్విజయంగా సాగినందుకు మంత్రిగారు అక్కడికక్కడే మూడో దశ ప్రకటించారు. జనం భోజనాలకు లేచారు. అప్పుడు మునిరామయ్య కొడుకు దగ్గరకొచ్చాడు. పొద్దుటి నుంచి ఎండలో ఉండడం వల్ల ముఖం పీక్కుపోయి ఉంది.

"ఒరే గంగా, ఆ దొరను ఒక్క మాట అడగరా."

"ఏం మాట నాయనా?"

"మొదటి కారు ఎప్పుడు వస్తాదని. నేను ఉండంగానే సూస్తానా అని. ఊరికే, తెలుసుకుందామని."

పద్దెనిమిదేళ్లలో, ఒక నెల ఆగమనడం తప్ప, నాయన తనను ఏదీ కోరలేదని గంగాధరానికి గుర్తొచ్చింది. "అడుగుతాను నాయనా. నాకు చెప్పకుండా ఎవరికి చెప్తాడు?" అన్నాడు. ఇంగ్లీషులో ఏమని అడగాలో మనసులో కూర్చుకున్నాడు. సర్, ఫస్ట్ కార్, వెన్? రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు. బాగానే ఉంది.

వీఐపీల బల్ల దగ్గర లూకాస్ లేడు. గంగాధరం షామియానా వెనక్కి వెళ్లాడు. నరికిన మామిడి మొద్దులు అక్కడ కుప్పగా పడి ఉన్నాయి. ఒక మొద్దు మీద లూకాస్ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కోటు విప్పి మడిచి పక్కన పెట్టుకున్నాడు. బూట్లు కూడా విప్పేశాడు. విస్తరిలో పెరుగన్నం పిసికి, ముద్ద చేసి, చుక్క కిందపడకుండా నోట్లో వేసుకుంటున్నాడు. ఎదురుగా ఎస్తేరు కూర్చుని ఉంది.

ఇద్దరూ అరవంలో మాట్లాడుకుంటున్నారు. తమిళ సరిహద్దులోని నగరి మనిషికి అరవం ఎవరూ నేర్పనక్కర్లేదు. గంగాధరానికీ అంతే.

"ఊరగాయ ఉండాదా అక్కా?" అని లూకాస్ అడిగాడు.

ఆమె తన విస్తరిలోది తీసి వేసింది. "నిన్ను యాడినుంచి తెచ్చినారప్పా?"

"తిరువణ్ణామలై నుంచి. పదకొండేళ్లుగా ఆడే ఉండాను. కొండ చుట్టూ తిరిగేవాళ్లకు టీ కాచి ఇస్తాను."

"మరి జర్మనీ అన్నారే?"

"మాది జర్మనీ కాదక్కా. తెల్లగా ఉండేవాళ్లు ముగ్గురు కావాలని మా వీధికి వ్యాను వచ్చింది. ఈ కోటు వ్యానులో ఇచ్చినారు."

"తిరిగి ఇచ్చేయాలంటనా?"

"ఇచ్చేయాలంట. మీది?"

"మాదీ అంతే."

లూకాస్ ముద్ద కలుపుతూ తలెత్తి గంగాధరాన్ని చూశాడు. గబుక్కున లేచాడు. ఎడమచేత్తో కోటు అందుకుని ఒక భుజానికి తగిలించుకున్నాడు. రెండో భుజానికి ఎక్కించడానికి వీల్లేదు, కుడిచేతికి పెరుగన్నం ఉంది.

"వెరీ గుడ్ గ్రోత్," అన్నాడు.

గంగాధరం ఒక క్షణం ఆయన్ని చూశాడు. ఆ మొద్దును చూశాడు. నరికినచోట జిగురు కారి ఎండిపోయి ఉంది.

"థ్యాంక్యూ సర్," అన్నాడు.

మైకులో పిలుపు వినబడింది. వాయుగామి స్థానిక సలహా సంఘం ఛైర్మన్ గంగాధరం గారు ఎక్కడున్నా వేదిక మీదికి రావాలి. మూడో దశకు తూర్పు పక్క తోటల రైతులతో మాట్లాడే బాధ్యతను మంత్రిగారు ఆయనకు అప్పగిస్తున్నారు.

అతను వేదిక వైపు నడిచాడు. మెట్ల దగ్గర మునిరామయ్య కాచుకుని ఉన్నాడు.

"అడిగినావా రా దొరను?"

"అడిగినాను నాయనా."

"ఏమన్నాడు?"

మంత్రిగారు పైనుంచి దండ పట్టుకుని చెయ్యి ఊపుతున్నారు. గంగాధరం మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"వస్తాది అన్నాడు. నువ్వు ఉండంగానే."

మునిరామయ్య తృప్తిగా తల ఊపాడు. అంతలోనే ఏదో అనుమానం వచ్చినట్టు కొడుకు చొక్కా పట్టుకుని ఆపాడు.

"నీకు ఇంగ్లీషు రాదు గదరా. ఆయనతో ఏ బాసలో మాట్లాడినావు?"

"మనకు అర్థమయ్యే బాసలోనే నాయనా," అని గంగాధరం పైకెక్కాడు.